డగౌట్ పక్కన బిస్కెట్ల డబ్బా: మానేయాలా?

ప్రశ్న: మేము అమెరికా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. నాకు 54 ఏళ్ళు. మా అబ్బాయి చిన్నప్పుడు లిటిల్ లీగ్‌లో బేస్‌బాల్ ఆడేవాడు. వాడిని ప్రాక్టీసులకి తిప్పుతూ తిప్పుతూ నాకే ఆ పిచ్చి పట్టుకుంది. వాడు కాలేజీకి వెళ్ళిపోయాడు గానీ నేను మాత్రం మా ఊరి జట్టు ఆటలు వదలను. మాది టెక్సాస్ లీగ్‌లో ఆడే డబుల్-ఏ జట్టు, అంటే పెద్ద లీగ్‌కి కింది మెట్లలో ఒకటి, పేరు మాత్రం వేయకండి. ఆటగాళ్ళ కోసం కుకీలు, బనానా బ్రెడ్, ఉస్మానియా బిస్కెట్లు బేక్ చేసి తీసుకెళ్ళి, డగౌట్ (మైదానం అంచున ఆటగాళ్ళు కూర్చునే చోటు) పక్కన రెయిలింగ్ మీదుగా అందించేదాన్ని. అందరూ నవ్వుతూ తీసుకునేవాళ్ళు. వెనిజులా నుంచి వచ్చిన ఒక పిచర్ (బంతి విసిరే ఆటగాడు) అయితే నన్ను ‘మామా’ అని పిలిచేవాడు. పోయిన సీజన్‌లో అక్కడ కొత్తగా పనిలో చేరిన ఒకాయన వచ్చి, ఇంట్లో చేసినవి ఇకమీదట ఇవ్వొద్దన్నాడు. చుట్టూ అంతమంది ఉండగా అలా అనేసరికి ప్రాణం చచ్చినంత పనైంది. ఆ పిచర్ కుర్రాడేమో పై జట్టుకి వెళ్ళిపోయాడు, వెళ్తున్నానని ఒక్క మాటైనా చెప్పలేదు. “కోట్లు సంపాదించేవాళ్ళకి నీ బిస్కెట్లు దేనికి?” అంటారు మా వారు. “నువ్వు ఇచ్చినవన్నీ చెత్తబుట్టలో పడేస్తారమ్మా” అంటుంది మా అమ్మాయి. ఉగాదికి అరిసెలు, కజ్జికాయలు చేసి సీజన్ మొదటి వారంలో పట్టుకెళ్దామని మనసులో ఉంది. వెళ్ళనా, ఇంతటితో మానేయనా?

జవాబు: మానేయకండి. కానీ రెయిలింగ్ మీదుగా అందించడం మాత్రం ఆపేయండి. ఆ డబ్బా జట్టు ఆఫీసుకి తెలిసి, వాళ్ళు చెప్పిన మనిషి చేతికి వెళ్ళాలి. మీరు అరిసెలూ కజ్జికాయల మాట ఎత్తారు కాబట్టి ఇంకోటి కూడా ముందే చెప్పేస్తాను: గసగసాలు తగిలినవి ఏవీ ఆ పిల్లలకి ఇవ్వకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

మొదట మిమ్మల్ని ఆపిన ఆయన సంగతి. నలుగురిలో అలా చెప్పడం బాగోలేదు. పక్కకి పిలిచి చెప్పి ఉండాల్సింది. మీ మనసు చివుక్కుమనడంలో తప్పేం లేదు. కానీ ఆయన చెప్పిన విషయం మాత్రం సరైనదే. డబుల్-ఏ జట్టులో 28 మంది ఆటగాళ్ళుంటారు. వాళ్ళలో ఒకరికి కడుపు చెడినా, ఒకరికి అలర్జీ వచ్చినా ముందు అడిగేది ఆయన్నే. పైగా ఇప్పుడు రోజులు మారాయి. ఫోన్‌లోనే ఆటల మీద పందేలు కాసే అలవాటు పెరిగాక, డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఆటగాళ్ళ మీద కక్ష పెంచుకుంటున్నారు. 2025 మే నెలలో హ్యూస్టన్ ఆస్ట్రోస్ పిచర్ లాన్స్ మెకల్లర్స్‌కి ఒక చెడ్డ ఆట తర్వాత పిల్లల్ని చంపేస్తామని బెదిరింపులు వచ్చాయి. పోలీసులు ఆరా తీస్తే, పందెంలో ఓడిపోయి ఎక్కడో విదేశంలో ఉన్న మనిషి పంపినవని తేలింది. ఇలాంటి కాలంలో, ఎవరో తెలియని చేతుల నుంచి మూత తీసిన డబ్బా ఆటగాళ్ళ దగ్గరికి వెళ్తుంటే ఆపడమే ఆయన ఉద్యోగం. ఆయనకి మీరెవరో తెలియదు, కొత్తగా వచ్చాడు. మీరు ఎవరో తెలిసేలా చేయడమే ఇక మీ పని.

ఇప్పుడు మీ వారి మాట. కోట్లు సంపాదించేది అన్నిటికంటే పైనుండే మేజర్ లీగ్‌లో ఆడేవాళ్ళు. అక్కడ 2025లో అందరికంటే తక్కువ జీతం తీసుకునే ఆటగాడికే ఏడాదికి 7,60,000 డాలర్లు. డబుల్-ఏ దానికి రెండు మెట్ల కింద ఉంటుంది. 2022 దాకా డబుల్-ఏ ఆటగాడికి ఇచ్చే కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్లు. మైనర్ లీగ్ (మేజర్ లీగ్ కింది మెట్లన్నీ) ఆటగాళ్ళు యూనియన్‌లో చేరి, 2023లో మొదటి ఒప్పందం కుదుర్చుకున్నాకే అది 30,250 అయింది. అంతకుముందు జట్టు గదిలో పెట్టే తిండికి కూడా ఆటగాళ్ళే తమ జేబులోంచి ఆ గది (క్లబ్‌హౌస్) చూసుకునే మనిషికి డబ్బులు కట్టేవాళ్ళు. చాలాచోట్ల ఆ డబ్బుకి దొరికేది బ్రెడ్డు, పీనట్ బటర్, జామ్. ఆ పద్ధతి 2021లో పోయింది, ఇప్పుడు భోజనం జట్టే పెడుతుంది, 2022 నుంచి ఉండటానికి చోటు కూడా చూపిస్తోంది. కాబట్టి ఇప్పుడు వాళ్ళు ఆకలితో మాత్రం లేరు. అయితే మీ బిస్కెట్లు ఆకలి తీర్చడానికి కాదు కదా. మీ వెనిజులా కుర్రాడి లాంటివాళ్ళు పదహారేళ్ళకే సంతకం పెట్టి ఇల్లు వదిలి వస్తారు. ముందు ఏ డొమినికన్ రిపబ్లిక్‌లోనో ఉండే శిక్షణ కేంద్రం, ఆ తర్వాత అరిజోనాలోనో ఫ్లోరిడాలోనో ఎండలో ఒక సీజన్, ఆపైన ఒక్కో మెట్టూ ఎక్కుతూ డబుల్-ఏ దాకా వచ్చేసరికి ఇంటి వంట తిని ఏళ్ళు గడిచిపోతాయి. మన దగ్గర పిల్లలున్న చోటికి వట్టి చేతులతో వెళ్ళం. మీరు చేసింది అదే. మీ వారికి ఈ జీతాల లెక్క చూపించండి, ఆ ‘కోట్లు’ అన్న మాట ఆయనే వెనక్కి తీసుకుంటారు.

మీ అమ్మాయి మాట కొంచెం కటువుగా ఉంది, కానీ పూర్తిగా అబద్ధమని నేను చెప్పలేను. కొన్ని బిస్కెట్లు చెత్తబుట్టలోకి వెళ్ళే ఉంటాయి. అది మీ మీద అయిష్టంతో కాదు. ఆ వయసులో వాళ్ళకి తిండి కూడా ఉద్యోగంలో భాగమే. ఏం తినాలో, ఆటకి ఎన్ని గంటల ముందు తినాలో చాలామందికి లెక్క ఉంటుంది. దానికి తోడు నమ్మకాలు. వేడ్ బాగ్స్ అని గొప్ప బ్యాటర్ ఉండేవాడు, 3,010 హిట్లు కొట్టి 2005లో మేటి ఆటగాళ్ళకి దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఆయన ఆట ఉన్న ప్రతి రోజూ కోడి మాంసమే తినేవాడు, తోటివాళ్ళు ‘చికెన్ మ్యాన్’ అని పేరు పెట్టారు. అలాంటి మనిషికి మ్యాచ్‌కి గంట ముందు మీరు ఎంత ప్రేమగా కుకీ ఇచ్చినా నోట్లో పెట్టుకోడు. నవ్వుతూ తీసుకుంటాడు, థాంక్యూ అంటాడు, పక్కన పెట్టేస్తాడు. అది అతని హక్కు. పెట్టడం దాకానే మన చేతిలో ఉంది, తిన్నాడా లేదా అని కనిపెట్టి చూస్తే మీకూ టెన్షన్, వాళ్ళకీ ఇబ్బంది.

అయితే పడేయకుండా తినేవాళ్ళ సంఖ్య పెంచడం మాత్రం మీ చేతిలోనే ఉంది. డబ్బాలో ఏముందో తెలియకపోతే జాగ్రత్త ఉన్న ఆటగాడు ముట్టుకోడు. అందుకే లేబుల్ కావాలి.

అమెరికాలో అలర్జీ కలిగించే పదార్థాలుగా చట్టం తొమ్మిదింటిని గుర్తించింది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతల జాతి, బాదం జీడిపప్పు లాంటి గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, నువ్వులు. నువ్వులు ఈ జాబితాలోకి ఆఖరున వచ్చాయి, 2023 జనవరి 1 నుంచి ప్యాకెట్ల మీద వాటి పేరు తప్పనిసరి. ఒక్కసారి మీ వంటింట్లో నిలబడి చుట్టూ చూడండి. పల్లీల పొడి కొట్టిన మిక్సీ జార్‌లోనే బనానా బ్రెడ్‌కి పంచదార పొడి చేస్తాం. నువ్వుల పొడి కలిపిన చెంచాతోనే పిండి తీస్తాం. పచ్చళ్ళలో నువ్వుల నూనె, కూరల్లో జీడిపప్పు ముద్ద. మన ఇళ్ళలో ఇవి లేని రోజుండదు. మీ కుకీలో వేరుశనగ వేయకపోయినా, ఆ జార్ అంచున అంటుకున్న పొడి వేరుశనగ అలర్జీ ఉన్న కుర్రాడిని ఆసుపత్రికి పంపగలదు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, ఇలాంటి అలర్జీ ఉన్నవాళ్ళకి నిజంగా చిటికెడు చాలు.

కాబట్టి వీళ్ళ కోసం ఒక గిన్నె, ఒక గరిటె, ఒక జల్లెడ, ఒక బేకింగ్ ట్రే విడిగా కొనుక్కోండి. మిక్సీ వాడకండి, పొడి పంచదార దుకాణంలో దొరుకుతుంది. అంత జాగ్రత్త పడ్డాక కూడా లేబుల్ మీద నిజం రాయండి: ఇందులో గోధుమ, పాలు ఉన్నాయి, ఇది తయారైన వంటింట్లో వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు వాడతారు అని. టెక్సాస్‌లో ఇంట్లో బేక్ చేసి అమ్ముకునేవాళ్ళు కూడా అలర్జీ పదార్థాల పేర్లు లేబుల్ మీద రాయాల్సిందే. మీరు అమ్మడం లేదు, ఊరికే ఇస్తున్నారు, అయినా ఆ పద్ధతి పాటిస్తే చూసినవాళ్ళకి మీ మీద నమ్మకం కుదురుతుంది. పదార్థాల పేర్లు ఇంగ్లిష్‌తో పాటు స్పానిష్‌లోనూ రాయండి. డొమినికన్, వెనిజులా కుర్రాళ్ళు అది చూసి ఎంత సంతోషిస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక గసగసాలు. అరిసెల మీద నువ్వులు లేకపోతే గసగసాలు అద్దుతాం, కజ్జికాయల్లో కొబ్బరి, బెల్లం, యాలకులతో పాటు గసగసాలు వేస్తాం. మనకి అది మామూలు దినుసు. కానీ అవి నల్లమందు మొక్క గింజలు. గింజలో మత్తు లేదు, కాయ పాలు గింజల పైన అంటుకుని ఉంటాయి. ఎంత అంటుకుని ఉంటుందో ప్యాకెట్‌ని బట్టి మారిపోతుంది, వేయిస్తే, కడిగితే తగ్గుతుంది గానీ పూర్తిగా పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అలాంటివి తిన్న మనిషికి మూత్ర పరీక్ష చేస్తే మార్ఫిన్, కోడీన్ ఆనవాళ్ళు కనిపించవచ్చు. ఈ కారణంగానే 2023 ఫిబ్రవరిలో అమెరికా రక్షణ శాఖ తన సైనికులందరికీ గసగసాలు తినొద్దని హెచ్చరిక పంపింది. బేస్‌బాల్‌లో కూడా మత్తుమందుల పరీక్షలు గట్టిగా జరుగుతాయి. 2019 జూలైలో ఏంజెల్స్ పిచర్ టైలర్ స్కాగ్స్ ఇలాంటి మందుల వల్లే హోటల్ గదిలో చనిపోయాక, ఆ ఏడాది డిసెంబరులో మేజర్ లీగ్ పరీక్షల జాబితాలోకి ఓపియాయిడ్‌లని (నల్లమందు తరహా మందుల్ని) చేర్చారు. మైనర్ లీగ్ ఆటగాళ్ళకీ సీజన్‌లోనూ బయటా పరీక్షలుంటాయి. ఇరవై రెండేళ్ళ కుర్రాడు ‘టెక్సాస్‌లో ఒక ఆంటీ పెట్టిన స్వీట్ తిన్నాను’ అని సంజాయిషీ చెప్పుకునే పరిస్థితి మీ చేతుల మీదుగా రాకూడదు. కజ్జికాయలు ఇంట్లోవాళ్ళకి చేయండి. నువ్వుల అరిసెలైతే, జట్టువాళ్ళు నువ్వులు ఫరవాలేదని చెప్పాకే.

ఇదే వరసలో ఇంకోటి. ‘ఆటగాళ్ళు కదా, బలానికి’ అని కొందరు కుకీల్లో ప్రోటీన్ పౌడర్ కలుపుతారు. అస్సలు వద్దు. పొడుల్లో లేబుల్ మీద లేని నిషేధిత పదార్థాలు కలిసి ఉండి ఆటగాళ్ళు ఇరుక్కున్న సందర్భాలున్నాయి. అందుకే వాళ్ళు ఎన్‌ఎస్‌ఎఫ్ సంస్థ ఆటల కోసం ప్రత్యేకంగా ధ్రువీకరించిన డబ్బాలే వాడతారు. రమ్ కేక్ కూడా వద్దు. మైదా, వెన్న, పంచదార చాలు.

నన్నడిగితే మీ జాబితాలో ఉన్నవాటిలో ఉస్మానియా బిస్కెట్టే ఈ పనికి పుట్టింది. గుడ్డు లేదు, గింజలు లేవు, ఎండకి కరగదు, డబ్బాలో వారం రోజులు నిలవ ఉంటుంది. మీకు చేయడం వచ్చు కాబట్టి కొలతల జోలికి వెళ్ళను. టెక్సాస్ ఎండకి పనికొచ్చే ఒకటి రెండు సంగతులు మాత్రం చెప్తాను. వెన్న, పంచదార తెల్లగా నురుగొచ్చేదాకా గిలక్కొట్టి, మైదా, కస్టర్డ్ పౌడర్, పాలపొడి, ఉప్పు కలిపాక, ఆ ముద్దని అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. లేకపోతే జూలై వేడికి వంటింట్లోనే జారిపోయి, ట్రే మీద పరుచుకుపోతుంది. మామూలు కంటే కాస్త మందంగా వత్తండి, ప్రయాణంలో విరగవు. పైన కుంకుమపువ్వు నానిన పాలు రెండోసారి పూసేటప్పుడు బ్రష్ బాగా విదిలించి పూయండి, తడి ఎక్కువైతే మధ్యలో మెత్తబడుతుంది. 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పన్నెండు నిమిషాలకే తలుపు అద్దంలోంచి చూడటం మొదలుపెట్టండి. అంచు బంగారు రంగు తిరిగి, నడుమ ఇంకా పాలిపోయి ఉన్నప్పుడే తీసేయాలి. పూర్తిగా చల్లారాక రెండేసి చొప్పున చిన్న కవర్లలో సీల్ చేయండి. వెచ్చగా ఉండగా మూస్తే లోపల ఆవిరి పట్టి సాయంత్రానికే మెత్తబడతాయి. ఆ ఉప్పూ తీపీ కలిసిన రుచి ఆటాడి చెమటోడ్చి వచ్చినవాళ్ళకి ఎంత హాయిగా ఉంటుందో ఇరానీ చాయ్‌తో తిన్న మనకి తెలుసు.

బనానా బ్రెడ్ ఫరవాలేదు, ముక్కలు కోసి విడివిడిగా చుట్టండి. క్రీమ్, కస్టర్డ్, కోవా, చీజ్‌కేక్ మాత్రం వేసవిలో వద్దు. పాడయ్యే తిండి బయట రెండు గంటలకి మించి ఉండకూడదని, ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే గంటే గడువని ఇక్కడి వ్యవసాయ శాఖ చెప్తుంది. మీ స్టేడియం పార్కింగ్‌లో ఆగస్టు మధ్యాహ్నం కారు లోపల ఎంత ఉంటుందో మీకే తెలుసు.

ఎవరికివ్వాలి, ఎప్పుడివ్వాలి? చాలా మైనర్ లీగ్ ఊళ్ళలో బూస్టర్ క్లబ్ అని అభిమానుల సంఘం ఉంటుంది. కొత్తగా వచ్చిన ఆటగాళ్ళకి సాయం చేయడం, బస్సు ప్రయాణాలకి చిరుతిళ్ళ సంచులు కట్టివ్వడం వాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్న పని. మీ ఊళ్ళో ఉందేమో ముందు కనుక్కోండి. ఉంటే సగం సమస్య తీరిపోయినట్టే, జట్టువాళ్ళు ఎలాగూ వాళ్ళని ఎరుగుదురు. లేకపోతే జట్టు ఆఫీసులో కమ్యూనిటీ వ్యవహారాలు చూసేవాళ్ళకి రాయండి. వాళ్ళు మిమ్మల్ని క్లబ్‌హౌస్ మేనేజర్‌కి పరిచయం చేస్తారు. ఆటగాళ్ళ గదికి ఏది చేరాలన్నా ఆయన చేతి మీదుగానే.

ఇచ్చే రోజు కూడా ముఖ్యం. 2021 నుంచి మైనర్ లీగ్‌లో మంగళవారం మొదలై ఆదివారం దాకా ఒకే జట్టుతో ఆరు ఆటలు, సోమవారం సెలవు. ఆ సెలవంతా చాలాసార్లు బస్సులోనే గడుస్తుంది. టెక్సాస్ లీగ్ బస్సులంటే మాటలు కాదు. కార్పస్ క్రిస్టీ నుంచి అమరిల్లో వెళ్ళాలంటే టెక్సాస్ దాటకుండానే సుమారు 650 మైళ్ళు, అంటే వెయ్యి కిలోమీటర్ల పైమాటే. మీ జట్టు బయట ఊరికి బయల్దేరే ముందు వచ్చే ఆదివారం ఉదయం డబ్బా అందజేయండి. ఆటకి ముందు తినాలా వద్దా అన్న గొడవుండదు. రాత్రి బస్సులో, ఏ పెట్రోల్ బంకులోనో చిప్స్ కొనుక్కునే బదులు మీ బిస్కెట్ తింటారు. సీజన్‌లో ప్రతి ఆటకీ చేయాలనుకోకండి. సీజన్‌కి 138 ఆటలు, అందులో సగం మీ ఊళ్ళోనే. ఆ ఊపులో వండితే జూన్‌కల్లా మీ నడుము పోతుంది, జూలైకి విసుగొస్తుంది. నెలకోసారి ఒక ఆదివారం చాలు.

ఆ వెనిజులా కుర్రాడి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ ఉత్తరమంతటిలో మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది అదేనని నాకనిపించింది. వాళ్ళు ఎలా వెళ్తారో తెలిస్తే ఆ బాధ సగం తగ్గుతుంది. రాత్రి ఆట అయ్యాక జట్టు మేనేజర్ (ఆట నడిపించే ముఖ్య కోచ్) తన గదిలోకి పిలిచి చెప్తాడు, పొద్దున్నకల్లా సూట్‌కేస్‌తో ఇంకో ఊళ్ళో ఉండాలి. 2023 ఆగస్టులో ఎక్కువ రోజులు ఇవాన్ కార్టర్ అనే కుర్రాడు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో డబుల్-ఏ ఆడుతున్నాడు. నెలాఖరులో ఒక మెట్టు పైనున్న ట్రిపుల్-ఏకి పంపారు, సెప్టెంబర్ 8న టెక్సాస్ రేంజర్స్ మేజర్ లీగ్ జట్టులోకి పిలిచింది, నవంబర్ 1న ఆ జట్టు తన చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. అప్పటికి అతనికి 21 ఏళ్ళు. అలాంటి రెండు నెలల్లో ఎవరు ఎవరికి వీడ్కోలు చెప్పగలరు? మీ కుర్రాడు వెళ్ళింది పైకి. మీకు చెప్పకుండా వెళ్ళడం మిమ్మల్ని మర్చిపోయినట్టు కాదు, చెప్పే వీలు దొరకనట్టు. అంతకంటే బాధాకరమైన కబురు అందుకునేవాళ్ళూ అదే గదిలోకి పిలవబడతారు, జట్టులోంచి తీసేశామని చెప్పించుకుని ఆ రాత్రే ఇంటిదారి పడతారు. వాళ్ళూ మీకు చెప్పలేరు.

ఇక్కడే ఒక జాగ్రత్త. ‘మామా’ అని పిలిచాడు కదా అని ఫోన్ నంబర్ అడగడం, ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ మెసేజ్ పెట్టడం, కొత్త ఊళ్ళో వెతుక్కుంటూ వెళ్ళడం వద్దు. మీరు అలా చేస్తారని కాదు, ప్రేమ ఉన్నచోట చెయ్యి దానంతటదే ముందుకి వెళ్తుంది. బిస్కెట్ ఇచ్చి ఆటోగ్రాఫ్ అడగకండి. మీ బిస్కెట్ పట్టుకున్న ఆటగాడి ఫొటో వాళ్ళని అడక్కుండా ఎక్కడా పెట్టకండి. అతనికి రాయాలనిపిస్తే కొత్త జట్టు చిరునామాకి, అతని పేరు మీద ఒక కార్డు పంపండి. స్పానిష్‌లో రెండు ముక్కలు, మీ పేరు, ‘ఉస్మానియా బిస్కెట్ల ఆంటీ’ అని ఒక గుర్తు. జవాబు కోసం చూడకండి. వస్తే సంతోషం.

ఒకవేళ జట్టువాళ్ళు ఇంటి వంట ఏ రూపంలోనూ వద్దంటే? అది రూలు, దాంతో వాదించకండి. దుకాణంలో సీల్ చేసిన ప్యాకెట్లు, పళ్ళు తీసుకుంటారా అని అడగండి. మీ బేకింగ్‌కి మాత్రం అక్కడే ఇంకా మనుషులున్నారు. సీట్లు చూపించే అషర్లు, టికెట్లు చూసేవాళ్ళు, మైదానం చదును చేసేవాళ్ళు. చాలామంది రిటైరైన పెద్దవాళ్ళు, సీజన్ పొడవునా గంటలకొద్దీ ఎండలో నిలబడతారు. వాళ్ళకి ఎవరూ ఏమీ తీసుకురారు. మీ సెక్షన్ అషర్‌కి నాలుగు బిస్కెట్లు ఇచ్చి చూడండి, వచ్చే వారానికి మీ పేరు పెట్టి పలకరిస్తారు. మిమ్మల్ని ఆపిన ఆ కొత్తాయనకీ రెండు ఇవ్వండి, లేబుల్‌తో సహా.

అంతమందిలో మాట పడ్డాను, ఇక ఆ మెట్లెక్కడానికి మొహం చెల్లడం లేదనుకుంటున్నారేమో. ఈ ఆటలో అభిమానికి ఉన్న చోటు చిన్నది కాదండీ. ఒకప్పుడు బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు ఆడిన ఎబెట్స్ ఫీల్డ్ స్టేడియంలో 1930ల నుంచి హిల్డా చెస్టర్ అనే ఆవిడ ఉండేది. గొంతు చించుకుని అరవొద్దని డాక్టర్ చెప్పాక, గరిటెతో పెనం వాయించేదని చెప్తారు. తర్వాత ఆవు మెడలో కట్టే గంట పట్టుకొచ్చి మోగించేది, ఆ గంట శబ్దంతోనే ఆవిడ ప్రసిద్ధి. ఏ పదవీ లేని ఆ మామూలు మనిషి పేరు మీద 2001లో బేస్‌బాల్ అభిమానులకి ఒక అవార్డు మొదలుపెట్టారు. మీ సీటు మీది. సీజన్ మొదటి రోజునే వెళ్ళి కూర్చోండి.

మీ వారిని కూడా ఒక మంగళవారం తీసుకెళ్ళండి, ఆ రోజు సాధారణంగా జనం తక్కువ. ఆట అర్థం కాకపోయినా ఫరవాలేదు. లేబుళ్ళు కంప్యూటర్‌లో తయారుచేసే పని ఆయనకే అప్పగించండి. తను చేసిన లేబుల్ అచ్చులో పడితే, ఆ బిస్కెట్లు ఎవరు తిన్నారో ఆయనే మీకంటే ముందు అడుగుతారు. ట్రేలో మిగిలినవాటితో ఒక డబ్బా మీ అబ్బాయి హాస్టల్‌కీ పోస్టు చేయండి, వాడి రూమ్మేట్లకి అలర్జీలున్నాయేమో కనుక్కుని మరీ.

జట్టుకి ఏం రాయాలో తెలియక ఆగిపోకూడదని, ఉత్తరంలో ఉండాల్సింది ఇక్కడ ఇస్తున్నాను. ఇంగ్లిష్‌లోకి మీ అమ్మాయి చేత రాయించండి, దాంతో తనకీ విషయం తెలుస్తుంది.

“నేను ఇన్ని సీజన్లుగా మీ ఆటలకి వస్తున్నాను, ఫలానా సెక్షన్‌లో కూర్చుంటాను. ఆటగాళ్ళ కోసం ఇంట్లో బిస్కెట్లు చేసి ఇచ్చేదాన్ని. పోయిన సీజన్‌లో అలా ఇవ్వొద్దని మీ సిబ్బంది చెప్పారు, కారణం నాకు అర్థమైంది. మీ పద్ధతి ప్రకారం ఇవ్వడానికి వీలుంటే చెప్పండి. విడివిడిగా సీల్ చేసి, ప్రతి కవర్ మీదా పదార్థాలు, అలర్జీ వివరాలు, చేసిన తేదీ, నా పేరు, ఫోన్ నంబర్ రాస్తాను. నేను వాడకూడని పదార్థాలేమైనా ఉంటే చెప్పండి, ఎవరి కోసమో చెప్పనవసరం లేదు. ఇంటి వంట తీసుకోవడం కుదరకపోతే, జట్టుకి ఇంకేం పనికొస్తుందో చెప్తే సంతోషిస్తాను.”

‘ఎవరి కోసమో చెప్పనవసరం లేదు’ అన్న మాట వదలకండి. ఆటగాళ్ళ ఆరోగ్య విషయాలు బయటికి చెప్పే వీలు వాళ్ళకుండదు, అది మీకు తెలుసని చూస్తే మీతో మాట్లాడటం వాళ్ళకి తేలికవుతుంది. ఏప్రిల్ మొదట్లో సీజన్ మొదలవుతుంది, మార్చి సగంలోపే ఈ ఉత్తరం పంపండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి ఫోన్ చేయండి, పొద్దున పూట. ఆట ఉన్న సాయంత్రం చేస్తే అక్కడ ఎవరికీ తీరికుండదు.